పక్కపాయ మీద నేను పాతిన కర్రలు

అలాస్కాలో పనిచేసి రిటైరయ్యానని తెలియగానే ఇక్కడ మా బాతెల్ ఊళ్లో సాఫ్ట్‌వేర్ పనిచేసే తెలుగు పిల్లలు అడిగే ప్రశ్నలు రెండే. "ఆంటీ, నార్తర్న్ లైట్స్ చూశారా?" ఇది మొదటిది. "ఎప్పుడైనా బేర్ మీ వెంట పడిందా?" ఇది రెండోది. చూశాను, పడలేదు అని చెప్పి పులిహోర గిన్నె వాళ్ల వైపు జరుపుతాను. అక్కడితో అలాస్కా అయిపోతుంది. మళ్లీ వీసాలు, లేఆఫ్‌లు, ఇళ్ల ధరలు మొదలు.

మొన్న ఆదివారం మాత్రం మా అమ్మాయితో కలిసి పనిచేసే ఒక పిల్ల వేరే ప్రశ్న వేసింది. ఆ వారం తను రాసిన కోడ్ వల్ల ఏదో పెద్ద సర్వీస్ పడిపోయిందట. మొహం వేలాడేసుకుని కూర్చుంది. అన్నం కెలుకుతూ, "ఆంటీ, మీ జాబ్‌లో మీరు చేసిన వరస్ట్ మిస్టేక్ ఏంటి? దానివల్ల ఎవరికైనా ఏమన్నా అయిందా?" అంది. నేను తన కంచంలో ఇంకో గరిటె పప్పు వేశాను. "ముందు తిను, తర్వాత చెప్తాలే" అని తప్పించుకున్నాను. నోటితో చెప్పడం నా వల్ల కాదని నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను. అమ్మాయ్, ఇది నీ కోసమే. మిగతావాళ్లు చదివినా నాకు అభ్యంతరం లేదు.

నదుల్లో ఎంత నీరు పారుతోందో కొలవడం నా ఉద్యోగం. ఆఫీసు ఫెయిర్‌బ్యాంక్స్‌లో. నేను పుట్టిందేమో అనంతపురం వైపు, పెన్న ఒడ్డున. ఒడ్డు అనడమే గానీ, చిన్నప్పుడు ఆ ఏట్లో నేను చూసింది ఇసుకే. బిందె పట్టుకుని పోయి, ఇసుకలో మోచేతి లోతు గుంట తవ్వి, అడుగున ఊరే నీళ్లను కొబ్బరిచిప్పతో తోడుకునేవాళ్లం. చెలమ అంటాం దాన్ని. పైకి ఎండినట్టు కనిపించే ఏరు కింద పారుతూనే ఉంటుందని నాకు ఏడేళ్లకే తెలుసు. తెలిసి కూడా చేశాను చూడండి, అదీ నా బాధ.

ఇక ఆ ఏరు సంగతి. నేను ఎక్కువ కాలం కొలిచిన నది మంచుకొండల్లో పుట్టి వస్తుంది. కొండల్ని నూరిన పిండి అందులో కలిసి నీళ్లు బూడిద రంగులో ఉంటాయి. ఎండాకాలంలో మోటారు ఆపి పడవను నీళ్లకు వదిలేస్తే, ఆ పిండి పడవ అడుగుకు రాసుకుంటూ సన్నగా బుసకొడుతుంది. కొత్తలో ఎవరో కింద నుంచి గోళ్లతో గీరుతున్నట్టు ఒళ్లు జలదరించేది. ఆ నది ఒక్కటిగా పారదు. ఇరవై పాయలుగా చీలి, మళ్లీ కలిసి, మళ్లీ చీలుతుంది. నిరుడు మనం పడవ కట్టిన చోట ఈ ఏడు ఇసుకదిబ్బ ఉంటుంది. నిరుడు చెట్లున్న చోట నీళ్లుంటాయి. ఒడ్డు కోసుకుపోయి స్ప్రూస్ చెట్లు వేర్లతో సహా నీళ్లలోకి వంగి, పడీపడకుండా నెలల తరబడి అలాగే తలలూపుతుంటాయి. మ్యాపు అచ్చయ్యేలోపే పాతబడే నది అది.

నడి ఏరు వదిలేసిన పాత పాయలు పక్కన అడవిలోకి పోయి సన్నగా ఉంటాయి. వాటిని అక్కడ స్లూ అంటారు. నేను మనసులో పక్కపాయ అనుకునేదాన్ని. ఏరు ఎంత బుసకొట్టినా ఈ పక్కపాయల్లో చప్పుడుండదు. నీళ్లు నల్లగా, తేటగా, కదలకుండా ఉంటాయి. చలికాలం వస్తే అసలు వింత. నడి ఏరు లారీలు నడిచేంత గట్టిగా గడ్డకడుతుంది. కొన్ని పక్కపాయలు మాత్రం పూర్తిగా గడ్డకట్టవు. అడుగున ఊట ఉంటుంది. మైనస్ ముప్పై, నలభైలో కూడా ఆ ఊట నుంచి ఆవిరి లేస్తుంటుంది. చలి అంతా ఒకవైపు, ఆ పాయ ఒకవైపు.

అలాంటి ఒక పక్కపాయను జనవరిలో కొలవాల్సి వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే చోటు కాబట్టి చలికాలంలో అక్కడ ఎంత నీరుంటుందో తెలియాలన్నారు. పక్కనే రోడ్డు లేని చిన్న ఊరు, ముప్పై ఇళ్లు. నేనూ, నా జోడీగా పనిచేసే టెక్నీషియనూ చిన్న విమానంలో దిగాం. అతను నాకంటే పదేళ్లు చిన్న, మిన్నెసొటావాడు, రోజుకి నలభై మాటలు మాట్లాడితే ఎక్కువ. నన్ను చీఫ్ అనేవాడు. ఊళ్లో ఒక స్నోమెషీన్, అంటే మంచు మీద నడిపే బండి, అడిగి తీసుకుని పాయకు బయల్దేరాం.

ఆ పని ఎలా చేస్తామో రెండు ముక్కల్లో చెప్తాను. పాయకు అడ్డంగా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు, తిన్నగా ఒక గీత అనుకోవాలి. ఆ గీత మీద వరసగా మంచుగడ్డకు బెజ్జాలు వేసి, ఒక్కో బెజ్జంలో లోతూ వేగమూ కొలవాలి. గీత వంకరపోతే లెక్క వంకరపోతుంది. అందుకని గుర్తుగా కర్రలు పాతుకుంటూ పోతాం. ఈ తిన్నదనం విషయంలో నాకు ఆఫీసులో పేరుండేది. నా గీతను దారం పెట్టి చూసుకోవచ్చనేవాళ్లు. నాకూ కొంచెం పొగరుండేది, ఎందుకు దాచాలి.

ఆ రోజు గుర్తుకర్రల కట్ట విమానంలోనే వదిలేసి వచ్చాం. విమానం వెళ్లిపోయింది. ఒడ్డున విల్లో పొదలున్నాయి కాబట్టి అవే నరుకుదామనుకున్నాం. సరిగ్గా నా గీత మొదలయ్యే చోట, మంచులో రెండు పాత విల్లో కర్రలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా, గుణకారం గుర్తులా పాతి ఉన్నాయి. నేను పీకబోతే నా జోడీ అన్నాడు:

"ఎవరో పెట్టుకున్నవేమో చీఫ్. ఉండనిద్దాం."

"రెండు ఎండు కర్రలకి కూడా ఓనరుంటాడా ఏంటి?" అన్నాను నేను. అని, పీకేశాను. వాటినీ, పొదలో నరికిన మరికొన్నింటినీ వరసగా, నిటారుగా పాతుకుంటూ పోయాను. అన్నిటికీ నారింజ రంగు రిబ్బను కట్టాను.

ఆ కర్రల భాష నాకు తెలియదు. నిలువుగా వరసగా పాతితే అది దారి, గడ్డ గట్టిగా ఉంది, నిశ్చింతగా రా అని. రెండు అడ్డంగా వేస్తే ఆగు, కింద ఊట ఉంది, చుట్టూ తిరిగి పో అని. ఆ ఊళ్లో నడక నేర్చిన ప్రతి బిడ్డకూ తెలిసిన సంగతి. అన్నేళ్లుగా ఆ నది మీద జీతం తీసుకుంటున్న నాకు తెలియదు. ఏ ఊళ్లోనూ ఎవరినీ అడగలేదు మరి.

ఆవిరి పొగమంచులా పేరుకుని అవతలి ఒడ్డు కనిపించడం లేదు. మధ్యాహ్నమే, కానీ అక్కడ జనవరి మధ్యాహ్నమంటే సూర్యుడు చెట్ల వెనక నుంచి ఒకసారి తొంగిచూసి పోతాడంతే. ఇనుప గునపంతో ముందు పొడిచి చూసి, గట్టిగా ఉంటే ఒక అడుగు వేసి, బెజ్జం వేసి, కర్ర పాతి, ఇలా పాయ మధ్యకు చేరాం. అక్కడ బెజ్జం వేస్తుంటే డ్రిల్లు ఒక్కసారిగా నా చేతుల్ని లాక్కుంటూ పిడిదాకా దిగిపోయింది. జానెడు గడ్డ, దాని కింద నీళ్లు లేవు. ఖాళీ. నా జోడీ కొలకర్రను చివరి అంగుళం దాకా దించాడు. నా ఎత్తు లోతున, గులకరాళ్ల మీద, మోకాలి లోతు నీళ్లు తగిలాయి.

విషయమేమిటంటే, మొదట నీరు ఎత్తుగా ఉన్నప్పుడు పైన గడ్డ కడుతుంది. తర్వాత నీరు దిగిపోతుంది. గడ్డ మాత్రం కప్పులా పైనే నిలిచిపోతుంది. మేము ఆ కప్పు మీద నిలబడి ఉన్నాం. బెజ్జంలోంచి వెచ్చని గాలి మొహానికి తగిలింది. తడిమట్టి వాసన, దాంతోపాటు కుళ్లిన చేపల వాసన. అంత చలిలో దేనికీ వాసన ఉండదు. ఇక్కడ మాత్రం కింద నుంచి, ఏదో ఇంటి తలుపు తెరిచినట్టు, వాసన వస్తోంది.

నా జోడీ చెవి ఒగ్గి, "ఎవరో నడుస్తున్నట్టు లేదూ?" అన్నాడు.

నిజంగానే చప్పుడుంది. చప్, చప్ అని ఆగి ఆగి. నీటిచుక్కలు పడుతున్న చప్పుడే అయి ఉంటుంది. అప్పుడు మాత్రం ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. "పోదాం పద, రేపు పొడుగు కొలకర్రతో వద్దాం" అన్నాను. వెనక్కి అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చేశాం. కర్రలు అలాగే వదిలేశాం. రేపు ఎలాగూ వస్తాం కదా, గీత మళ్లీ పెట్టుకునే పని తప్పుతుందని. ఒడ్డు నుంచి పాయ మధ్యదాకా, సరిగ్గా ఆ డొల్ల దాకా, తిన్నటి వరస.

మా బస ఊరి క్లినిక్‌లో. ఆ ఊళ్లకు డాక్టరుండడు. ఊరిమనిషికే ట్రైనింగిచ్చి ఆరోగ్య కార్యకర్తగా పెడతారు. అక్కడి ఆవిడకు నలభై ఉంటాయి, గట్టిగా నవ్వే మనిషి. దుప్పి మాంసం సూపు వండుకొచ్చి ఇచ్చింది. నేను తినను, కానీ కాదనలేక రొట్టె ముక్క ముంచుకున్నాను. బదులుగా నా సంచిలోంచి గోంగూర సీసా తీసిస్తే, స్పూనుతో నేరుగా నోట్లో పెట్టుకుంది. కళ్ల నీళ్లు కారుతుంటే, "ఇది మందా, శిక్షా?" అంటూ మళ్లీ స్పూను ముంచింది. ఎంత నవ్వుకున్నామో.

"రేపు పొద్దున నేనుండను, కాఫీ మీరే పెట్టుకోండి" అంది. "పాయ అవతల ఒక ముసలావిడ ఒంటరిగా ఉంటుంది. పుండుకి కట్టు మార్చాలి."

"దారి బాగుంటుందా?" అని మర్యాదకు అడిగాను.

"మా మేనమామ గుర్తులు పెడతాడు. గడ్డ మారితే కర్రలు మారుస్తూనే ఉంటాడు. కళ్లు మూసుకుని పోవచ్చు."

నేను తలూపాను. తలూపి, రొట్టె తిన్నాను. నా బుర్రలో ఆ కర్రలూ ఈ కర్రలూ కలవలేదు. ఇప్పటికీ ఆ నిమిషం గుర్తొస్తే నన్ను నేను రెండు పీకాలనిపిస్తుంది.

మర్నాడు డ్రిల్లు మోటారు గడ్డకట్టుకుపోయి మొరాయించింది. దాన్ని స్టవ్ పక్కన పెట్టి కాపడం పెడుతూ కూర్చున్నాం. దాదాపు మధ్యాహ్నం కావస్తుండగా ఆవిడ మేనమామ తలుపు తోసుకుని వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, కనుబొమల మీద మంచు.

"ముసలావిడ రేడియోలో అడుగుతోంది. మా పిల్ల ఇంకా చేరలేదట. వెలుగు రాగానే బయల్దేరింది, అరగంట దారి. మీకేమైనా చెప్పిందా?"

"అటే పోతున్నానంది" అన్నాను.

"ఊట దగ్గరికైతే పోదు. నేను అక్కడ కర్రలు అడ్డంగా వేశాను. ఆ గుర్తు చూసి ఎగువకు తిరుగుతుంది. మరి ఏమైనట్టు?" అని తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు.

నేను పీకిన ఆ రెండు కర్రలేమిటో అప్పుడు తెలిసింది. నా జోడీ నా వైపు చూశాడు, నేను డ్రిల్లు వైపు చూశాను. "అయ్యా, ఆ కర్రలు నేనే పీకాను" అని అప్పుడే అనాలి. ఒక్క వాక్యం. "మేము నేరుగా పాయకు పోతాం, మీరు పైదారి చూసుకుంటూ రండి" అని మాత్రం అన్నాను. పైకి సాయం చేస్తున్నట్టే ఉంది కదా? ఆయన ఎగువ దారిలో పోతే మేము ముందు చేరతాం, అదీ నా లోపలి లెక్క.

పాయ దగ్గర ఆవిరి నిన్నటికంటే దట్టంగా ఉంది. నా కర్రలు ఒక్కొక్కటే పొగలోంచి బయటికొస్తున్నాయి. రాత్రి ఆవిరి పేరుకుని ప్రతి కర్రా తెల్లగా లావెక్కింది, రిబ్బన్లు గట్టిపడి నిలబడ్డాయి. వాటి పక్కనే స్నోమెషీన్ జాడ. ఎక్కడా తడబాటు లేదు. మొదటి కర్ర, రెండోది, మూడోది, అలా చివరి కర్ర దాకా, ఆ పైన లేదు. గది అంత కంత. అందులోంచి ఆవిరి. అడుగున ముక్కు కిందికి పెట్టి పడి ఉన్న బండి, దాని హెడ్‌లైటు ఇంకా నీళ్లలో వెలుగుతోంది. మనిషి లేదు.

నేను గడ్డ మీద బోర్లా పడుకుని కంత దాకా పాకాను. లోపల గుహలా ఉంది. కప్పులోంచి నీలంగా, పలుచగా వెలుతురు దిగుతోంది. అటూ ఇటూ చీకటి. నాకు ఇంగ్లీషు తట్టలేదు. "అమ్మా! యాడుండావమ్మా? పలుకమ్మా!" అని మా సీమ మాటలో గొంతు చించుకుని అరిచాను.

నా వెనక నుంచి జవాబొచ్చింది. వెనకంటే, నేను పాకి వచ్చిన మంచు కింద నుంచి. "ఇక్కడ" అని. తిరిగి చూస్తే తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. మళ్లీ "ఇక్కడున్నా" అంది. ఈసారి ఎడమవైపు, చెట్ల దగ్గర నుంచి. మళ్లీ మాట్లాడితే నా పొట్ట కిందే. మనిషి ఒక్కతే, గొంతు మాత్రం పాయంతా తిరుగుతోంది. దయ్యాలను నేను నమ్మను. ఆ రెండు నిమిషాలు మాత్రం, కింద ఉన్నది బతికున్న మనిషే అని నన్ను నేను గట్టిగా నమ్మించుకోవాల్సి వచ్చింది.

పడ్డ చోట ఎక్కబోతే అంచులు విరిగి మీద పడుతున్నాయట. బెదిరిపోయి కప్పు కిందనే దిగువకు నడిచింది, ఒడ్డు దగ్గర సందు దొరుకుతుందేమోనని. అదే ఒక విధంగా కాపాడింది. పైన మైనస్ ముప్పై, కింద గడ్డకట్టనంత వెచ్చదనం. కానీ మోకాలి దాకా నీళ్లలో రెండు గంటలు! గొంతు ముద్దముద్దగా వస్తోంది. ఇంకెంతోసేపు నిలబడలేదని తెలిసిపోతోంది.

నేను వెనక్కి పాకి లేచి చూసేసరికి నా జోడీ కర్రలు పీకుతున్నాడు. ఒక్కొక్కటే పీకి, చంకలో పెట్టుకుని, పొదల్లోకి విసిరేశాడు. "ఇవి ఇక్కడ ఉండకూడదు చీఫ్" అన్నాడు మెల్లగా. నన్ను కాపాడుతున్నాడు పాపం. నేను ఆపలేదు. ఒక మనిషి కింద నీళ్లలో నిలబడి పిలుస్తుంటే, నా తప్పును అతను పొదల్లో దాస్తుంటే, నేను పైన నిలబడి చూస్తూ ఊరుకున్నాను. ఆ అడ్డకర్రలు పీకడం కాదమ్మాయ్ నా వరస్ట్ మిస్టేక్. ఇదే.

అంతలో మేనమామ బండి వచ్చింది. ఆయన కంత చూశాడు, జాడ చూశాడు. ఒడ్డున రెండు చిన్న గుంటలు మిగిలాయి, వాటినీ చూశాడు. "ఇక్కడ నా కర్రలుండాలి" అన్నాడు. ప్రశ్న కాదు. జవాబు కోసం ఆయన ఆగలేదు. మంచు మీద మోకరించి, టోపీ చెవి పైకెత్తి, గడ్డకు చెవి ఆనించి తన చేతికర్రతో రెండుసార్లు కొట్టాడు. కింద నుంచి రెండు దెబ్బలు వినిపించాయి. నాలుగడుగులు జరిగి మళ్లీ కొట్టాడు. మళ్లీ రెండు. గొంతును నమ్మలేదాయన, దెబ్బనే నమ్మాడు. అలా కొట్టుకుంటూ, వింటూ, ఒడ్డు దగ్గర ఒక చోట ఆగి, "ఇక్కడ" అన్నాడు.

అక్కడ గడ్డ ఎంత మందమో తెలియదు. బరువు ఎక్కువైతే ఆమె నెత్తినే కూలుతుంది. ముగ్గురిలో తేలిక నేను. స్టవ్ దగ్గర కాగి మళ్లీ నడుస్తున్న డ్రిల్లును వెంట తెచ్చాం, దాన్ని పట్టుకుని పడుకునే బెజ్జం వేశాను. డ్రిల్లు పైకి లాగిన మరుక్షణం ఆ బెజ్జంలోంచి ఒక చెయ్యి పైకొచ్చింది. చేతి తొడుగు లేదు. తెల్లగా, మంచు మీద మొలిచినట్టు, వేళ్లు విప్పుకుని గాలిలో వెతుకుతోంది. నేను నా తొడుగు పీకేసి ఆ చెయ్యి పట్టుకున్నాను.

అంత గట్టిగా నన్నెవరూ పట్టుకోలేదు. మా అమ్మాయి పుట్టినప్పుడు కూడా.

"ఇక్కడ కొయ్యొద్దు" అంది కింద నుంచి. "ఒడ్డు వైపు చెట్టువేర్లు కనిపిస్తున్నాయి. అక్కడ కప్పు నా నడుము దాకా దిగింది. అక్కడ కొయ్యండి."

"సరే. నా చెయ్యి వదులు మరి, అటు జరుగు" అన్నాను.

"వదలమని మాత్రం అనకండి" అంది. తర్వాత తనే వదిలింది.

మేనమామ, నా జోడీ కలిసి మేనమామ బండిలో ఉన్న రంపంతో వేర్ల దగ్గర కోశారు. నేను బెజ్జం దగ్గర పడుకుని మాట్లాడుతూనే ఉన్నాను. ఏం మాట్లాడానో తెలుసా? గోంగూర ఎలా నూరాలో. నిద్రపోనివ్వకూడదని అదొక్కటే తట్టింది. ఎండుమిరపకాయలు ఎన్ని అని అడిగింది. ఇరవై అంటే, "మీరు మనుషులు కాదు" అంది. కోసిన గడ్డ తీసేసరికి ఆమె వేర్లను పట్టుకుని తలా భుజాలూ బయట పెట్టింది. మిగతాది వాళ్లిద్దరూ లాగారు. మేనమామ ఆమె తలను తన కోటులోకి పొదువుకుని, వాళ్ల భాషలో ఏదో ఒకే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. అర్థం నేను అడగలేదు.

కాళ్లు బాగా దెబ్బతిన్నాయి. తర్వాత రెండు కాలివేళ్లు తీసేశారు. బండి పాయలోనే ఉండిపోయింది. వసంతంలో మంచు కరిగాక చూస్తే అక్కడ లేదట. ఏరు ఏ పాయలోకి తోసుకుపోయిందో ఎవరికీ తెలియదు. ఆ పక్కపాయ కూడా ఇప్పుడు లేదు. నాలుగేళ్ల తర్వాత నడి ఏరు అటు తిరిగి దాన్ని మింగేసింది. నేను పడుకున్న చోటు మీద ఇప్పుడు బూడిదనీళ్లు పారుతున్నాయి. నా ఫైళ్లలో మాత్రం ఆ గీత ఇంకా ఉంది, సగం కొలతలతో. ఆఫీసుకు రాసిన రిపోర్టులో ఎవరు ఏం పీకారో, ఎవరు ఏం దాచారో నా పేరు మీదే రాశాను. నా జోడీ పేరు రానివ్వలేదు. దానికి నాకు మెమో ఇచ్చి ఒక ఏడాది ఫీల్డుకు పంపలేదు. అది శిక్షేమీ కాదు.

అసలు సంగతి క్లినిక్‌లో జరిగింది. ఆమెను ఆస్పత్రికి తీసుకుపోయే విమానం రావడానికి ఇంకో గంట ఉంది. ఆమె తన క్లినిక్‌లో, తన మంచం మీద తనే పేషెంటుగా పడుకుని, కట్టు ఎలా కట్టాలో నాకు చెప్పి కట్టించుకుంది. మేనమామ పొయ్యి దగ్గర కూర్చున్నాడు. నా జోడీ గుమ్మంలో. నాకు తెలుసు, ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పను. ఏరు విరిగింది, అంతే అని అందరూ అనుకుంటారు. అక్కడ ఏరు ఎంతమందిని తీసుకుపోలేదు? ఎవరూ అడగరు.

"ఆ అడ్డకర్రలు నేనే పీకాను" అన్నాను. "అర్థం తెలియక పీకాను. నిలువు కర్రలూ నేనే పాతాను. మీరు కింద ఉన్నప్పుడు వాటిని తీసి పొదల్లో పడేశాం. మీ మామగారు అడిగినా చెప్పలేదు."

మేనమామ పొయ్యిలో ఒక కట్టె వేశాడు. తిడితే బాగుండునని నేను నిలబడ్డాను.

"పొగలో అడ్డకర్రల కోసం వెతికాను" అంది ఆమె. "కనిపించలేదు. మీ వరస కనిపించింది. అక్కడ నాకు అనుమానం రావాల్సింది. మామ కర్రలు ఎప్పుడూ వంకరటింకరగా ఉంటాయి. ఒక్కో అడుగు భయపడుతూ, గడ్డ ఎటు ఒప్పుకుంటే అటు పాతుతాడు. మీవేమో అంత తిన్నగా ఉన్నాయి."

కట్టు సరిచేయమని కాలు నా వైపు జరిపింది.

"అంత తిన్నగా పాతారంటే, ఈ పాయ సంగతి మామకంటే బాగా తెలిసినవాళ్లే ఎవరో అనుకున్నాను."

బయట విమానం చప్పుడు వినిపించింది. మేనమామ లేచి, స్ట్రెచర్ ఒక చివర తను పట్టుకుని, రెండో చివర పట్టమని నాకు సైగ చేశాడు.